చట్రం వంగలేదు

నాకు కోపం ముక్కు మీద ఉండేది. పందొమ్మిదివందల ముప్పైల్లో, ఏలూరు కాలవగట్టున మా కార్ల రిపేరు షెడ్డు నడిచే రోజుల్లో, నా పనికి ఎవరైనా వంక పెడితే సుత్తి అవతల పారేసి లేచిపోయేవాణ్ణి. ఆ కోపమే మా అక్క బతుకును బుగ్గి చేసింది.

కొల్లేటి వైపు ఒక జమీందారుగారికి రెండు సీట్ల పాత రేసు కారు ఉండేది. మా బావ దానికి డ్రైవరు. దొరగారికి వేగం పిచ్చి. మద్రాసు నుంచి రెట్టింపు బలమున్న ఇంజను తెప్పించి వారంలో బిగించమన్నారు.

"ముందు చట్రం సంగతి చూడాలండీ. ఈ ఇంజను బలానికి పాత చట్రం మెలితిరిగిపోద్దండీ" అన్నాను.

ఆయన నమ్మలేదు. చట్రానికి కిరసనాయిలు పట్టించి, శుభ్రంగా తుడిచి, పైన సున్నం పూసి ఎండనిచ్చాను. కాసేపటికి తెల్లటి సున్నంలో, ఇంజను కూర్చునే చోట, నల్లటి గీత తేలింది. పగుల్లో దాగిన నూనె అది. దొరగారు వారం గడువు ఎత్తేసి, ముందు చట్రం పనే చూడమన్నారు.

క్యారేజీ తెచ్చిన మా అక్క కూడా ఆ గీత చూసింది. "మీ బావ కూర్చునేది ఇందులోనేరా. ఆయన్ని నీ చేతుల్లో పెడుతున్నాను" అంది.

"నాకొదిలెయ్యక్కా" అన్నాను.

నెల పట్టింది. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో పాత బాయిలరు విప్పుతున్నారంటే వెళ్లి దాని మందపాటి ఇనప రేకు తెచ్చాను. ఆ రేకు కోసి చట్రం కమ్మీలకు లోపలివైపు అతికి, ఎర్రగా కాల్చిన రివెట్లు కొట్టాను. మధ్యలో కత్తెర వేసినట్టు రెండు అడ్డకమ్మీలు బిగించాను. చివర్న, చట్రం ఎక్కడా వంగలేదని తేల్చుకోడానికి, ఒక మూల నుంచి ఎదురు మూలకు నూలుదారం లాగి, అదే దారాన్ని మిగతా రెండు మూలల మధ్యా లాగి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. అంత గర్వం నాకు పెళ్లినాడు కూడా లేదు.

ఇంజను ఎక్కించాక బావ కొల్లేటి గట్టు మీద నడిపి చూసి వచ్చాడు.

"పరుగు బాగానే ఉంది గానీ బామ్మర్దీ, ఆగడమే ఆలస్యమవుతోందోయ్. బ్రేకులు కూడా ఓసారి చూడరాదూ?"

ఆ కారుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. పాత ఇంజనుకు అవి చాలేవి. కొత్తదానికి చాలవని నాకు తట్టి ఉండాలి, తట్టలేదు. నెల్లాళ్ల చాకిరీకి ఒక్క మెచ్చుకోలు మాటైనా లేదని ఒళ్లు మండింది.

"అంత భయమైతే ఎడ్లబండి తోలుకోండి బావగారూ" అన్నాను, పనివాళ్లందరి ముందూ.

బావ నవ్వేశాడు. మళ్లీ అడగలేదు.

పదోరోజు పొద్దున్నే కబురొచ్చింది. బావ ఒక్కడే కారు తీసుకెళ్తుంటే గట్టు మలుపులో గేదెల మంద అడ్డొచ్చిందట. బ్రేకు తొక్కినా కారు ఆగలేదు. మందను తప్పించబోయి కొల్లేట్లో పడ్డాడు.

నేను వెళ్లేసరికి బావను గట్టు మీద చాపలో పడుకోబెట్టి పంచె కప్పారు. పక్కనే పడవవాళ్లు తాళ్లతో లాగిన కారు. పైతొడుగంతా ఊడిపోయి చట్రం బయటపడింది, కమ్మీలకు నాచు వేలాడుతోంది.

నిజం చెప్పేస్తాను. నేను ముందు బావ దగ్గరికి వెళ్లలేదు. చట్రం పక్కన గొంతుక్కూర్చుని, జేబులోంచి దారం తీసి, మూల నుంచి మూలకు లాగాను. రెండు వైపులా సరిపోయింది. నా పనిలో తప్పు లేదని ప్రాణం కుదుటపడింది. ఛీ, ఏం మనిషిని నేను.

తలెత్తితే మా అక్క. బావ తల దగ్గర కూర్చుని నా చేతిలో దారాన్నే చూస్తోంది.

"కొలిచావా తమ్ముడూ?"

"కొలిచానక్కా."

"సరిపోయిందా?"

"సరిపోయింది."

"అయితే ఇహ లేచి రా. మీ బావను మోయడానికి ఒక మనిషి తక్కువయ్యాడు."