పచ్చరాయి మూల

రాళ్ళు పొదిగే మేస్త్రి దగ్గరికి ఉంగరం కోసం వెళ్ళినవాళ్ళు ముందుగా ఒక ఉపన్యాసం వినాలి. "రోజూ వేలికుండేదా? కెంపో నీలమో తీసుకోండమ్మా. ముత్యం చెవులకి. పచ్చంటారా, అంత తేలిగ్గా గీతలు పడవు గానీ దెబ్బకి ఆగదు." ఎదుటివాళ్ళు ఆవలించినా ఆయన ఆగడు.

అలాంటి మనిషి, వదిన తన తల్లి లాకెట్టులోని పచ్చరాయి తెచ్చి కుడిచేతికి ఉంగరం చెయ్యమంటే ఆ ఉపన్యాసం ఎత్తలేదు. చిన్నప్పుడు తనకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. వద్దని ఎలా చెబుతాడు? పైగా, "నేను పొదిగితే నీ మనవరాళ్ళు కూడా పెట్టుకుంటారు వదినా" అని గొప్పలు పోయాడు.

రాయిని పట్టి ఉంచే ఆఖరి కొక్కెం దాని మీదికి వంచుతుంటే టిక్‌మంది. భూతద్దంలో చూస్తే మూల పెచ్చు లేచింది. ఆ కొక్కేన్నే కాస్త వెడల్పుగా నొక్కి, విరిగిన మూలను దాని కింద దాచేశాడు. ఉంగరం ఇచ్చేటప్పుడు మాత్రం, "దేనికీ తగలనీకు వదినా" అని తీరిగ్గా జాగ్రత్తలు చెప్పాడు.

ఆ నెలంతా వదిన ఎదురుపడితే చూపు ఆమె వేలి మీదికే పోయేది.

ఒక పొద్దున ఆమె దుకాణానికి వచ్చి, చేతిరుమాలు విప్పి ఉంగరం బల్ల మీద పెట్టింది. కొక్కెం పైకి లేచి ఉంది. దాని కింద విరిగిన మూల.

"స్వెట్టర్ దారం తగులుకుంటే లాగానయ్యా. అమ్మ రాయి పగలగొట్టుకున్నాను. మీ అన్నయ్య, నీ చేతికి ఇనప ఉంగరమే సరి అన్నారు. నిజమే, మొరటు చేతులు నావి."

దారం లాగితే కొక్కెం లేస్తుంది గానీ రాయి విరగదని మేస్త్రికి తెలుసు. అయ్యో అని ఊరుకుంటే గండం గడిచిపోతుంది. కానీ ఆమె తన వేళ్ళను అటూ ఇటూ తిప్పి అసహ్యంగా చూసుకుంటోంది.

"నీ వల్ల కాదు వదినా. పొదిగిన రోజే నా చేతిలో విరిగింది. దాచాను."

ఆమె వేళ్ళు తిప్పడం ఆపింది.

"అయితే నెల్లాళ్ళుగా ఎడంచేత్తో గిన్నెలు తోముకుంటుంటే చూస్తూ కూర్చున్నావా?"

మేస్త్రి నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదు.

"ఇలా ఇవ్వు, కొక్కెం సరిచేస్తాను."

"వద్దులే. ఇంకెవరి చేతైనా చేయించుకుంటాను. ముందు మీ అన్నయ్య దగ్గరికి పద. నాకు చెప్పిందే ఆయనకీ చెబుదువు గాని."

మేస్త్రి దీపం ఆర్పి, దుకాణం తలుపు వేసి, ఆమె వెనకాలే నడిచాడు.