మోటారు కట్టేసి చూసిన సీరియల్

మొన్న సాయంత్రం బర్మాలో మేముండే తామ్వే పేటలో కరెంటొచ్చింది. పక్కింట్లోంచి పాత బర్మా సీరియల్ పాట వినపడగానే నా చెయ్యి దానంతటదే నీళ్ల మోటారు కట్టేసింది. ఆ అలవాటు మా మావగారిది. ఆదివారాలు మా వరండాలో పిల్లలకి తెలుగు చెప్పేవారాయన. ఇక్కడి పంతుళ్లందర్నీ పిలిచినట్టే ఆయన్నీ ‘సయా’ అనేవారు పిల్లలు. ఆ ఒక్క మాట తప్ప మా గడప లోపల బర్మా భాష వినపడకూడదు. “ఆ ఏడుపుగొట్టు సీరియళ్లు సూస్తే ఉన్న తెలుగూ ఎలిపోద్ది” అని కసిరేవారు. అలాంటి మనిషి, సవతితల్లి చేతిలో నలిగిపోయే ఓ పిల్ల కథకి పడిపోయారు పాపం. మోటారు తిరిగితే మా ఇంట్లో టీవీ మసకబారిపోతుంది. అందుకని మోటారు కట్టేసి, గది తలుపు దగ్గరగా వేసుకుని చూసేవారు. ట్యాంకెందుకు నిండదో తెలీక నేనూ అత్తయ్యా మెకానిక్‌ని తిట్టుకునేవాళ్లం.

ఓ ఆదివారం అత్తయ్య తలంటుకుంటూ ఉండగా నీళ్లాగిపోయాయి. నురగ తలతోనే వచ్చి గది తలుపు తోసింది. మావగారు లుంగీ అంచుతో కళ్లు తుడుచుకుంటున్నారు. అప్పుడే పాఠానికొచ్చిన పిల్లలు ఆవిడ వెనకాలే నిలబడి అంతా చూశారు. ఆయన పరువు గంగలో కలిసింది. ఇంక పాఠం మూతపడినట్టే అని నాకు దిగులేసింది, ఆయనంటే ఉన్న భయంతోనే కదా వాళ్లు వచ్చేది. అత్తయ్య టీవీ వంక చూసి, “ఆ పిల్లకేటయిందేటి?” అంది. ఆయన గొంతు సవరించుకుని కథంతా తెలుగులో చెప్పడం మొదలెట్టారు. ఇన్నాళ్లూ పాఠంలో నోరు విప్పని ఓ పిల్ల అడ్డొచ్చింది. “కాదు సయా, గొలుసు దాచింది సవతితల్లి కాదు, మేనత్త.” అదీ తెలుగులోనే.

ఆ తర్వాత పాఠమంటే సీరియల్ కథ తెలుగులో చెప్పడమే. వరండా చాలేది కాదు. ముందు ట్యాంకు నిండాలని మాత్రం అత్తయ్య షరతు పెట్టింది. తీరా ఆఖరి భాగం నాడు కరెంటు రాలేదు. పిల్లలు తలో ముగింపూ చెప్పారుగానీ మావగారికి ఒక్కటీ నచ్చలేదు. “మళ్లీ ఏస్తారులే” అని ఎదురుచూస్తూ ఎదురుచూస్తూనే పోయారు.

ఇప్పుడు మళ్లీ వేస్తున్నారు. ఈ వయసులో నాకిదేం పిచ్చని సిగ్గుపడుతూనే, తలుపు దగ్గరగా వేసుకుని రోజూ చూస్తున్నాను, ఏడుస్తున్నాను. ఆఖరి భాగం నాడు మాత్రం మోటారు వేసేస్తాను, టీవీ మసకబారిపోనీ. కాలం ఎలాగూ అన్నిటినీ ముగించేస్తుంది, మావగారు ఎదురుచూసిన ఈ ఒక్క కథనీ మిగలనిద్దాం.