బానెట్ మీద పెట్టిన నెత్తురు

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. బుధవారం పొద్దున ఆరింటికి గుమ్మఘట్టలో రంగమ్మ కూతురు సుజాత చేతి నుంచి రెండు గాజు గొట్టాల నెత్తురు తీసుకున్నా. పన్నెండేళ్ల పిల్ల, మెడలో క్యాన్సర్ గడ్డ. పై సోమవారం బెంగళూరు ఆసుపత్రిలో కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు. ఇదే జబ్బుకు ఇదే కరెంటు పెడితే వాళ్లన్న ఒళ్లు కాలి పోయినాడు. రంగమ్మ చేసుకున్నది సొంత మేనమామను. అందుకే నా అనుమానం: ఈ ఇంటి పిల్లల కణాలకు తెగిన డి.ఎన్.ఏ.ను అతికించుకునే శక్తి లేదేమో. అదే నిజమైతే మామూలు డోసే ఈ పిల్లను చంపుతుంది. నెత్తురు చెడిపోకుండా ఈ రోజే బెంగళూరులో నేను పనిచేసే ల్యాబు చేరితేనే ఆదివారానికి సంగతి తేలుతుంది.

ఏడుంబావుకు రాయదుర్గం బస్సు. కాలు పెట్టను సందు లేదు. కండక్టరు నా చేతిలోని అట్టపెట్టె అందుకున్నాడు.

"డాక్టరమ్మా, నీ పెట్టె బానెట్ మీద పెడతా. ఆడైతే ఎవురూ తొక్కరు."

మా సీమ బస్సుల్లో డ్రైవరు పక్కన బానెట్ అంటే పెద్దమనుషుల జాగా. ధర్మవరంలో పుట్టినదాన్ని, నా పెట్టెకు ఆ మర్యాద దక్కిందని లోపల మురిసినా. చదువుకున్న మొద్దును. దాని కింద ఇంజను కాగుతుంటుందని తోచనే లేదు.

ఎనిమిదింటికి రాయదుర్గంలో దిగి పెట్టె తెరిస్తే, గొట్టాలు అప్పుడే ఉడకబెట్టి తీసిన గుడ్లలా వేడిగా ఉన్నాయి. తొమ్మిదింటి బెంగళూరు బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కిపోయి, ఫలితం తేలలేదని రాసేస్తే అడిగేవాడు లేడు. ఆ ఆలోచన నాకు వచ్చింది, అబద్ధం చెప్పను.

కండక్టరు దగ్గరికొచ్చి ఏమైందన్నాడు. చెప్పినా. ఆయన మొహం పాలిపోయింది.

"నేనే చెడగొట్టినా కదమ్మా. మా బస్సూ తొమ్మిదింటికే తిరిగిపోతాది."

తిరుగు బస్సే ఎక్కినా. దారి పొడుగునా రంగమ్మకు ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నా. గడపలో ఆమెను చూడగానే అదంతా మరిచిపోయినా.

"నెత్తురు పాడైంది. తప్పు నాదే. మళ్లీ తీయాల."

ఆమె పక్కకు జరిగి నాకు దారిచ్చింది.

"మా పెద్దోడు పోయినప్పుడు తప్పు జరిగిందని ఒక్కరూ చెప్పలేదు. నువ్వు చెప్తాండావు. తీసుకో."

సుజాత మొహం పక్కకు తిప్పుకుని ఇంకో చెయ్యి చాపింది.

ఈసారి పెట్టె నా ఒళ్లో. ఎండ పడకుండా కండక్టరు తన తువ్వాలు కిటికీకి కట్టినాడు. పన్నెండింటికి రాయదుర్గంలో బెంగళూరు బస్సు దొరికింది. తుమకూరులో ఇడ్లీ తిన్నా గానీ రుచి తెలీలేదు. చీకటి పడే వేళకు ల్యాబు చేరినా.

ఆ నెత్తురు కణాలకు ల్యాబులోనే కొంచెం కరెంటు పెట్టి, ఆదివారం సూక్ష్మదర్శినిలో చూస్తే తెగిన క్రోమోజోములు తెగినట్టే ఉన్నాయి. ఆసుపత్రిలో డోసు బాగా తగ్గించినారు. సుజాత ఒళ్లు కాలలేదు.

ఇప్పటికీ నేను చేసేది ఇదే పని. నెత్తురు తీసుకుని ఆ దారిన పోయేవాళ్లు పెట్టె ఒళ్లోనే పెట్టుకోండి. పొరపాటు జరిగితే, గుమ్మఘట్టకు తిరిగిపోయే బస్సు తొమ్మిదింటికి ఉంది.