గరుకు గోడ

మేస్త్రి పూసిన గోడ మీద చీమ కూడా జారిపడుతుందని సాటి పనివాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆయన దాన్ని పొగడ్తగానే తీసుకునేవాడు. ముప్పై ఏళ్ళుగా సిమెంటు పూతను నున్నగా తేల్చడమే ఆయన గొప్ప. ఎవరి గోడకైనా పాచి కనబడితే ఇంటివాళ్ళకంటే ముందు తానే చీపురు అందుకునే రకం. "ఆయనకు నా మొహం గుర్తుండకపోయినా గోడ మీద గీత గుర్తుంటుంది," అనేది భార్య.

అలాంటి మనిషికి పాచి పెంచే గోడ పని తగిలింది. చెల్లెలి అద్దకం షెడ్డు నుంచి రంగునీళ్ళు నేరుగా కాలువలో కలుస్తున్నాయని కాలుష్య నియంత్రణ అధికారి రెండు నెలల గడువిచ్చాడు. ఆలోపు నీళ్ళు శుభ్రపడకపోతే షెడ్డుకు తాళమే. చెల్లెలితోపాటు మరో ఎనిమిది మంది ఆడవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి. చెల్లెలు సలహా అడిగిన ఆర్కిటెక్టమ్మ ఉపాయం చెప్పింది. పెరటి గోడ మీదుగా నీళ్ళు సన్నగా జారాలి, గోడకు పట్టిన పాచి అందులోని మలినాన్ని తినేయాలి.

"గరుకుగా వదిలేయండి మేస్త్రిగారూ. అప్పుడే పాచి నిలుస్తుంది."

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా."

అన్నాడే గాని, తాపీ చేతికొచ్చాక ఆయనకు ఎవరి మాటా చెవికెక్కదు. పైగా చెల్లెలి గోడ, నలుగురూ చూసేది! తళతళలాడేలా పూశాడు. నెల గడిచినా పాచి పట్టలేదు. పాచి పట్టడానికని తెచ్చి అంటించిన నాచంతా నీళ్ళతోపాటే జారి కింద తొట్టిలో చేరింది.

చెల్లెలు కేకలేసినా బాగుండేది. "గోడ చాలా బాగుంది అన్నయ్యా. నా షెడ్డే పోయేలా ఉంది," అంది మెల్లగా.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఉలి, సుత్తి పట్టుకుని తన పూతను తానే చెక్కడం మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకు ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నానికి మాత్రం పనిలో పడ్డాడు: ఏ గాటు ఎంత లోతుంటే నీళ్ళు కాస్త ఆగి కదులుతాయో చెంబుతో పోసి చూసి మరీ కొట్టాడు. మూడు వారాలకు గోడంతా పచ్చగా, జిగటగా, చూడ్డానికి రోతగా తయారైంది.

గడువు రోజున అధికారి వచ్చాడు. కిందికి దిగిన నీళ్ళను సీసాలో పట్టి, పరీక్ష చేసి, కాగితం మీద సంతకం పెట్టాడు.

"షెడ్డు నడుపుకోండమ్మా."

వెళ్తూ వెళ్తూ గోడవైపు చూసి మొహం చిట్లించాడు. "నీళ్ళు బాగున్నాయి గాని, ఇంత అధ్వాన్నంగా ఎవరు పూశారండీ?"

చెల్లెలు నోరు తెరిచేలోపే మేస్త్రి ముందుకొచ్చాడు.

"నేనేనండీ. ఇలాంటిది ఇంకోటి కావాలన్నా నేనే రావాలి."