రొచ్చుతొట్టి అంచు

బ్రిటనీ పల్లెలో గుల్వెన్ రోజూ పొద్దున్నే పందుల రొచ్చుతొట్టిలోకి పొడవాటి కర్ర దించి, తడిసిన మేర చూసి మూతి ముడుచుకుంటాడు. చలికాలం పోయేదాకా రొచ్చు పొలానికి తోలకూడదని కట్టడి. ఎన్ని పందులు, ఎంత పెంట, కడిగే నీళ్లెన్ని, అన్నీ లెక్కగట్టే తొట్టి కట్టించాడు. కప్పులేని తొట్టిలో వాన కూడా పడుతుందన్న సంగతే మరిచాడు.

కూతురు అజెనోర్ పెళ్ళినాడూ వానే. "వానలో పెళ్ళి! అదృష్టవంతురాలివే పిల్లా!" అని ముసలమ్మలు మురిసిపోతుంటే, ఆయన ఖాళీ గ్లాసొకటి ఆరుబయట గోడమీద పెట్టాడు. విందు ముగిసేసరికి అందులో వేలు మందం నీళ్లు చేరాయి. పెళ్ళిబట్టల్లోనే అజెనోర్ వచ్చి గ్లాసు వంక చూసింది.

"తొట్టి అంచుకి ఇంకా ఎంతుంది నాన్నా?"

"జానెడుంది. నువ్వెళ్ళి డాన్సు చెయ్యి తల్లీ."

నిజానికి ఆ పొద్దున కర్ర లెక్కన అంచుకి మిగిలింది రెండు వేళ్ల మందమే. ఆమె లోపలికి వెళ్ళాక గ్లాసులో నీళ్లు పారబోసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.