కల్లుపాక దాటేదాకా

యుద్ధం రోజుల్లో అమలాపురం నుంచి రాజోలు పోయే బొగ్గుతో నడిచే బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో గుడ్డ చుట్టిన బైబిలు ఉంది.

“ఏవండీ, ముందు కల్లుపాక వస్తుందండి. నేను తాగుడు మానేసి మూడు నెలలండి. కళ్లు మూసుకుని కీర్తన పాడుకుంటాను. పాక దాటేక కాస్త చెప్తారా?”

“ఆయ్, చెప్తానండి” అన్నాను.

సరిగ్గా పాక ముందుకొచ్చేసరికి బస్సు ఆగిపోయింది. మగవాళ్లంతా దిగి తొయ్యాలన్నాడు డ్రైవరు.

“దాటేమాండీ?”

“లేదండీ, ఎదురుగానే ఉంది. మీరు కూర్చోండి, మేం తోస్తాం.”

“మీరంతా తోస్తుంటే నేను కూర్చోడమేంటండీ!”

కళ్లు తెరవకుండానే దిగాడు. చెయ్యి పట్టుకుని బస్సు వెనకాలికి తీసుకెళ్లాను. పాడుతూనే తోస్తున్నాడు. ఇంతలో పాకలోంచి ఎవరో “రావోయ్ బావా!” అని పిలిచారు. పాట వణికి ఆగిపోయింది. నా అటుపక్క తోస్తున్న విభూతిరేఖల పెద్దాయన వెంటనే పల్లవి అందుకున్నాడు. విని విని అప్పటికే అందరికీ నోటికొచ్చేసింది. అందరం కలిసి పాడుతూ తోస్తే బస్సు కదిలింది.

ఎక్కాక కూడా పాడుతూనే ఉన్నాం. ఆ సంబరంలో ఆయనకు చెప్పాల్సిన మాటే మరిచాను. చాలాసేపటికి గుర్తొచ్చి చెబితే, కళ్లు తెరిచి కిటికీలోంచి చూసి పకపకా నవ్వాడు.

“తాగే రోజుల్లో పాక దాటలేక ఊరు చేరేవాణ్ణి కాదండి. ఇవాళ మా ఊరే దాటేసేను!”

బస్సాపించి దిగి, అదే కీర్తన పాడుకుంటూ, ఈసారి కళ్లు తెరుచుకునే వెనక్కి నడిచాడు.