రెండు రూటర్లకు సమన్యాయం

ఆమదాలవలసలో ఒక సాయంత్రం నేను రెండు రూటర్లకు సమన్యాయం చేయబోయి, ఓ ఆడపిల్ల ఇంజినీరింగ్ సీటును దాదాపు గంగలో కలిపాను. నవ్వుకోండి, పరవాలేదు. నాకూ అలవాటైపోయింది.

విశాఖలో మూడు నెలల నెట్‌వర్కింగ్ కోర్సు చేసి దిగిన రోజులవి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా సర్టిఫికెట్ వచ్చినవాడు అసలేదీ ఎరగడు. స్టేషన్ రోడ్డులో మా సత్యం మావకి నెట్ సెంటరు ఉండేది. అక్కడ రెండు లైన్లు, రెండు రూటర్లు. ఒకటి ఫైబరు, రెండోది మేడ మీద యాంటెన్నాతో ఈడ్చుకొచ్చే ముసలి లైను. ఫైబరు తెగితే తప్ప రెండోదానికి పనుండేది కాదు. దాన్నలా ఖాళీగా చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది.

"మావా, లోడ్ బ్యాలెన్సింగ్ సేస్తాను. రెండూ చెరిసగం మోస్తాయి."

"బాగున్నదాన్ని కెలకడం ఏట్రా అల్లుడూ?"

"రూటింగ్ ప్రొటోకాల్ సూసుకుంటాది మావా!"

నిజానికి ఏ లైన్లో ఏది పంపాలో తేల్చే ఆ ప్రొటోకాల్ తెలివైనదే. బలహీనమైన దారికి పెద్ద అంకె వేసుకుని, అటు పోకుండా ఉంటుంది. నేనే దాని నోరు నొక్కి రెండు దారులకూ ఒకే అంకె వేశాను.

నా ముహూర్తబలం చూడండి. ఆరోజే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు, గడువు అయిదింటి వరకు. నాలుగున్నరకి ఒక కంప్యూటర్లో పేజీలు చకచకా వస్తున్నాయి, ముసలి లైను వాటాకొచ్చిన పక్కదానిలో చక్రం తిరుగుతూనే ఉంది. మావ దాన్ని వాస్తు కింద తేల్చేశాడు.

"ఈశాన్నం మూలది బాగుందిరా, అందరూ అటు జరగండి!"

ఒక్క కుర్చీ మీద పదిమంది పడ్డారు. జరగలేకపోయినవాళ్ళలో గౌరి ఒకతి. చేపలమ్మే నూకాలమ్మ కూతురు. నూకాలమ్మ గంప గుమ్మం బయట దించి నా దగ్గరికొచ్చింది.

"బాబూ, నా పిల్ల సదువు ఆ సెక్రంలో తిరుగుతన్నాది. ఏటి సేసినావు?"

"రెండు లైన్లకీ బరువు సమానంగా పంచానమ్మా."

"రెండూ ఒకలాటివేనా?"

"కాదు. ఒకటి కుర్రది, ఒకటి ముసిల్ది."

ఆవిడ నన్ను నిన్నటి చేపను చూసినట్టు చూసింది.

"మా అత్తా నేనూ కర్రకి గంప కట్టి మోస్తే, గంప నా యేపు జరుపుకుంటాను. నడిమధ్యన ఉంచితే ముసిల్ది కూలబడతాది, సేపలు ఇసకలో పడతాయి. నీకు సదువు సెప్పినోళ్ళు ఇది సెప్పలేదేటి?"

చెప్పారు. ఆ రోజు నేను వినలేదంతే. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా ముసలి లైను అంకె పెంచాను. గంప మొత్తం ఫైబరు వైపు జరిగింది. చక్రం ఆగింది. అయిదుకి పది నిమిషాలుంది.

గౌరి మొదటి ఆప్షన్‌గా కంప్యూటర్స్ పెట్టుకుంది. సేవ్ నొక్కబోతూ నావైపోసారి చూసి, దాన్ని కిందికి దించి, సివిల్‌ని పైకెక్కించింది.

"అదేటమ్మా?" అన్నాను.

"కంప్యూటర్లు సదివితే ఇలగైపోతారేమోనని బయమేసింది అన్నా."

ఆ క్షణమే రూటరు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: గంప మోసినవాళ్ళను అడగకుండా ఈ జన్మలో ఎవరికీ బరువులు పంచను. సాక్షిగా ముసలి లైను రూటరునే పెట్టుకున్నాను. ఎలాగూ దానికి వేరే పనేం లేదు.